తీర్మానం నాటి కడుపునొప్పి

పోలీసు చర్య అయిన కొన్నాళ్లకు రామన్నపేట దగ్గరి మా ఊరికి ఐదుగురితో ఒక కమిటీ వేశారు. అందులో మా ఆయన ఒకడు; ఊరంతా ఆయన్ని పటేలనే పిలిచేవారు.

సంఘం దొరల మీద తిరగబడ్డ రోజుల్లో మా దొర పట్నం పారిపోయాడు. అతను ఆక్రమించుకున్న బంచరాయిలో ఊరి గొడ్లూ గొర్లూ మళ్లీ మేశాయి. మిలిటరీ వచ్చింది, దాని వెనకే దొర వచ్చాడు, మేతభూమి చుట్టూ మళ్లీ ముళ్లకంప పడింది. అది ఊరి భూమేనని కమిటీ తీర్మానం చేసి పంపితే కంప తీయిస్తామని తాలూకా కచేరీలో గొల్లలకు చెప్పారు.

తీర్మానం చెల్లాలంటే కనీసం ముగ్గురు కూర్చోవాలి. ఇద్దరు దొర మనుషులు, ఇద్దరు గొల్లల పక్షం, మిగిలినవాడు మా ఆయన. బంచరాయి మాట రాగానే దొర మనుషులు తువ్వాళ్లు దులుపుకుని బయటికి నడిచేవారు. వాళ్ల వెనకే మా ఆయనా. వద్దంటే గొల్లలతో పగ, సరేనంటే దొరతో పగ. లేచొస్తే ఏ పాపమూ అంటదని ఆయన తెలివి. మొదటిసారి కడుపునొప్పి అన్నాడు. రెండోసారీ అదే. ఇంటికొచ్చి మాత్రం రోజూ కంటే ఎక్కువే తినేవాడు.

మూడోసారీ అలాగే లేచొచ్చి ఆయన జొన్నరొట్టె తింటుండగా గొల్లల ముసలవ్వ వాకిట్లోకి వచ్చింది.

"పటేలుకు కడుపు నొస్తాందట గద తల్లీ. వాము తెచ్చిన. జర నమలమను."

ఎగతాళి కాదు. నిజంగానే కొంగున కట్టుకొచ్చింది. ఆయన నన్ను చూసి, లేనని చెప్పమని చెయ్యి ఊపాడు. నాకు ఒళ్లు మండింది.

"నొప్పి లేదు, గిప్పి లేదవ్వా. లోపల కూసొని రొట్టె తింటాండు. నువ్వే సూడు," అన్నాను.

అవ్వ గడప దగ్గరికి వచ్చి కంచం ముందున్న మనిషిని చూసింది. వాము మళ్లీ ముడేసుకుని వెళ్లిపోయింది.

"ఊరోళ్ల ముంగట నా ఇజ్జత్ తీస్తవా?" అని ఆయన అరిచాడు.

"ఉంటే గద తీసేది!"

మర్నాడు పొద్దున్నే గొల్లలు కంప పక్కకు లాగి, వాడలోని మందలన్నిటినీ ఒక్కసారే తోలారు. ఆడవాళ్లు కూడా కర్రలు పట్టుకుని వెంట నడిచారు. దొర మనుషులు గట్టు మీది నుంచి కాసేపు చూసి, ఎవరికీ ఎదురుపడకుండా వెనక్కి తిరిగారు. మళ్లీ కంప వేసే ధైర్యం ఎవరికీ రాలేదు.

ఓట్లొచ్చిన ఏడు మా ఆయన గొల్లవాడకు పోయి చేతులు జోడించాడు. "మీ బంచరాయికి నేనెంత కొట్లాడిన్నో మీకెరికే గద," అన్నాడు. పక్కనే ఉన్నాను, నాకు నవ్వు కూడా రాలేదు. వాళ్లు ఆయనకు ఓటెయ్యలేదు. నేనూ వెయ్యలేదు. అడిగితే ఆ మాటే మొహం మీద చెప్పాను.