ముందు పెన్ను, తర్వాత తాళాలు

ఎదురింటి సారు పోయారు. మొన్న పొద్దున మా ఆవిడ వచ్చి చెప్పింది.

అశోక్ నగర్‌లో మాకొక రీడింగ్ హాలు ఉంది. సర్కారు నౌకరీ పరీక్షలకు చదివేవాళ్లకు సీట్లు ఇస్తాం. సారు నారాయణగూడలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. నేను మూడో తరగతితో ఆపేసిన మనిషిని. అయినా ఆయన పాఠం ఒకటి నాకు బాగా ఎక్కింది.

ఒకసారి పద్నాలుగో సీటు ఇద్దరికి ఇచ్చాం. సీట్ల పుస్తకంలో ఖాళీ చూసి, నేను ఒకతనికి కుర్చీ చూపించడానికి వెళ్లాను. ఆలోపు మా ఆవిడ అదే ఖాళీలో ఇంకొకతని పేరు రాసింది. నేనొచ్చి అది చూడకుండా పక్కనే మొదటతని పేరు రాశాను. వాళ్లు కొట్టుకునేదాకా పోయింది.

"కంప్యూటర్ల గూడ గిదే లొల్లి అన్నా," అన్నారు సారు. "ఒక్క పట్టిక, ఇద్దరు పనోళ్లు. చూసుడు, రాసుడు ఒక్క పట్టున కావాలె. నడుమ ఇంకొకలు దూరొద్దు. ఒక్కటే పెన్ను పెట్టు. అది చేతుల ఉన్నోళ్లే పుస్తకం తెరవాలె."

ఆ రోజు నుంచి సీటు తప్పలేదు. అది ఆయన పుణ్యమే.

తర్వాత లాకర్లు పెట్టాం. కొత్తవాళ్లు వస్తే పెన్నూ కావాలి, తాళాల గుత్తీ కావాలి. ఒక పొద్దున పెన్ను నా దగ్గర, గుత్తి ఆవిడ దగ్గర.

"తాళాలు ఇయ్యి."

"ముందుగాల నువ్వు పెన్ను ఇయ్యయ్యా!"

మెట్ల కిందిదాకా లైను.

అప్పుడే అటుగా వచ్చిన సారు నవ్వారు. "చెరొకటి పట్టుకొని కూసుంటే పొద్దుగూకేదాక గింతే. ఎవరైనా సరే ముందు పెన్ను, ఎన్కనే తాళాలు. రెండోది దొరకకపోతే చేతుల ఉన్నది ఇడిచిపెట్టాలె. గని ఇడిచిపెట్టుడు నీతోని కాదులే అన్నా!"

లైనంతా నవ్వింది. నాకు మండింది. మాట బంద్ చేశాను. అన్నది ఆయన, రావలసింది ఆయనే అనుకున్నాను. మూడు నెలలు ఆయన గేటు దాటాల్సి వస్తుందని పాలకు కూడా చుట్టూ తిరిగి చిక్కడపల్లి వైపు పోయాను. మా ఇంట్లో నేనే ఖైదీని. సారుకు ఒంట్లో బాగాలేదని తెలిసినప్పుడు చెప్పులు వేసుకున్నాను. మళ్లీ విప్పాను.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల ఆవిడ ఏడవలేదు. "నీకోసమని రోజు గేటు గొళ్లెం తీసిపెట్టెటోడు అన్నా. నేను పెట్టబోతే, 'ఉండనియ్యి, అన్న వస్తడు' అనెటోడు."

ఇప్పుడు మా వరండాలో కూర్చుని చూస్తున్నాను. గొళ్లెం ఆమె కూడా పెట్టలేదు. ఆటో పోయినప్పుడల్లా ఆ గేటు కొంచెం తెరుచుకుని, మళ్లీ మూసుకుంటోంది.