సెయింట్ జాన్స్ దీవిలో తీరిన అలక

నాకు ఆటలమ్మ పోసినప్పుడు, బుకిట్ పంజాంగ్‌లో మా పక్క ఫ్లాట్ వదిన ఏం చేసిందో తెలుసా? రోజూ పెరుగన్నం డబ్బా గేటుకు తగిలించి, బెల్లు కొట్టి, నేను తలుపు తీసేలోపు మాయమైపోయేది. ఒక్కసారైనా ఎదురుపడి పలకరించిన పాపాన పోలేదు. ఫోన్లు చేసేది లెండి, నేనెత్తలేదు. నన్ను చూస్తే అంత రోతా! ఒళ్ళు మండిపోయింది. పొక్కులు మాడిపోయి స్నానం చేశాక కూడా ఆవిడతో మాట్లాడలేదు.

చిక్కల్లా ఆఖరి రోజు డబ్బాతోనే. జబ్బున్నన్నాళ్ళూ ఖాళీదే గేటుకు తగిలించేదాన్ని, ఇప్పుడలా కుదరదు. ఇరుగుపొరుగు గిన్నె మనం ఖాళీగా తిరిగివ్వం కదా. నింపి ఇస్తే నేను రాజీకొచ్చినట్టు. ఖాళీగా ఇస్తే మా అమ్మ పెంపకానికి తలవంపు. అందుకని అది మా వంటింట్లోనే ఉండిపోయింది.

ఇంతలో రెండిళ్ళూ కలిసి సెయింట్ జాన్స్ దీవికి వెళ్దామని మా అమ్మాయి ఫెర్రీ టికెట్లు కొనేసింది. ఒకప్పుడు ఈ దేశానికి ఓడల్లో వచ్చినవాళ్ళకు కలరా, మశూచి ఉంటే ఊళ్ళోకి రానివ్వకుండా ఆపేసిన చోటది.

"నన్ను తీసుకెళ్ళడానికి ఇంతకంటే మంచి చోటు దొరకలేదుటే?" అన్నాను.

"అమ్మా, సో డ్రామా లా నువ్వు," అంది ఇక్కడి పిల్లల యాసలో.

దీవిలో కొట్లేవీ ఉండవన్నారు. పులిహోర కలిపి ఆ డబ్బాలోనే సర్దాను. మా ఇంట్లో అంత పెద్ద డబ్బా ఇంకోటి లేదు మరి!

ఫెర్రీలో ఆవిడ ఆ చివర, నేను ఈ చివర. అయినా చెప్పొద్దూ, ఉప్పుగాలి మొహానికి తగిలేసరికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళు గదిలో పడున్నదాన్ని, పిల్లలకంటే ముందు దిగి దీవంతా తిరిగేశాను. చెట్ల కింద పిల్లులు వెల్లకిలా పడుకున్నాయి. దారి పక్కన పాత కథ రాసిన బోర్డు ముందు వదిన ఒక్కతే నిలబడి ఉంది.

"వీళ్ళకి అన్నం ఎలా పెట్టేవాళ్ళో. గేటుకు తగిలించి పారిపోయేవాళ్ళేమో," అన్నాను, పిల్లితో చెప్తున్నట్టు.

గిర్రున తిరిగింది. వాళ్ళది కరీంనగర్, నోరు మంచిదే.

"ఎవరు పారిపోయిన్రు? లిఫ్ట్ కాడ నిలవడేదాన్ని. నువ్వు డబ్బా తీస్కొని తలుపేసుకునేదాంక కదల్లే. నాకు చిన్నప్పుడు అమ్మవారు పోయలే వదినా, ఇంట్ల మా అత్తమ్మ ఉన్నది. నీ మొఖం చూస్తే లోపటికి రాకుండ ఉంటనా నేను? అందుకే దాక్కున్న."

పిల్లిని వదిలేసి ఆవిడ వైపు తిరిగాను.

"ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా!"

"ఫోనెత్తితే గద చెప్పేది!"

ఇద్దరం పగలబడి నవ్వాం. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పడుకున్న పిల్లులు లేచి పరుగెత్తాయి.

సముద్రం ఎదురుగా కూర్చుని ప్లేట్లో పులిహోర పెట్టుకుని తినడం మొదలుపెట్టాను. ఆవిడ పక్కనే ఇంకా కాగితం ప్లేట్లున్నాయి. వాటిని ముట్టుకోలేదు. నా ప్లేట్లోనే చెయ్యి పెట్టి, నేను తింటున్న వైపు నుంచే ఓ ముద్ద తీసి నోట్లో వేసుకుంది.

"ఎంగిలి వదినా!" అన్నాను.

"ఉప్పు తక్కువైంది," అని ఇంకో ముద్ద తీసుకుంది.