అరవై పేజీల రిపోర్టు

మా ఆఫీసులో కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవాళ్లలో అందరికంటే పాత మనిషి అక్క. ఆమెను పేరు పెట్టి పిలిచే ధైర్యం మేనేజరుకే లేదు. గోదాములో సరుకు గురించి రోజూ వచ్చే అరవై పేజీల రిపోర్టు తయారవడానికి గంట పడుతోందని, ఆ ప్రోగ్రామును తిరగరాసే పని నాకు అప్పగించారు. నేను నడుం బిగించాను.

"ముందు ఆ రిపోర్టు ఆపి చూడు. అడిగేవాడే లేని పనికి బుర్ర పాడుచేసుకోవడం దేనికి?" అంది అక్క.

ఆపేశాను. ఎనిమిది రోజులు ఎవరూ కిక్కురుమనలేదు. నా ఉత్సాహం నీరుగారిపోయింది.

తొమ్మిదో రోజు గోదాము చూసుకునే పెద్దాయన వచ్చాడు. లిఫ్టు పాడైతే నాలుగంతస్తులూ మెట్లెక్కాడు. "ఎన్ని పెట్టెలు మిగిలాయో చివర్న ఒక లైను వచ్చేది కదమ్మా. నాకు అదొక్కటి చాలు" అన్నాడు ఆయాసపడుతూ.

అక్క ఆ ఒక్క లైను పట్టుకుని రెండు రోజులు కూర్చుంది. తిరిగొచ్చిన పెట్టెల్ని అది రెండుసార్లు లెక్కపెడుతోందని తేల్చి, సరిచేసింది.

"అరవై పేజీల్ని పట్టించుకోలేదు గానీ, ఒక్క లైనుకు రెండు రోజులా అక్కా?" అన్నాను.

"మోకాళ్లు పట్టుకుని ఎక్కి వచ్చాడురా ఆయన. ఆ అరవై పేజీల కోసం ఎవడైనా ఒక్క మెట్టు ఎక్కాడా?" అంది.