యాభై అడుగుల దూరం

కల్లూరులో కొత్త మిద్దె కట్టుకున్న ఓబుళేశు తన కరెంటు కారును రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో తానే తుడుస్తాడు; భార్యను సైతం దాని మీద చెయ్యి వెయ్యనివ్వడు. మొన్న కంపెనీ నుంచి ఫోనుకు సందేశం వచ్చింది. ఆ కార్ల బ్యాటరీలు ఉన్నట్టుండి అంటుకుంటున్నాయట. కొత్తది బిగించేదాకా కారును ఇంటికి యాభై అడుగుల దూరంలో ఆరుబయట నిలపాలట. ఓబుళేశు వాకిట్లోంచి అడుగులో అడుగు వేసి కొలుచుకుంటూ పోయాడు. యాభయ్యో అడుగు, తమ ఇంట్లో అంట్లు తోమే గిడ్డమ్మ రేకుల కొట్టం పక్కన పడింది. కారు తెచ్చి ఆ గోడవారనే నిలిపాడు.

"ఏమప్పా, మా గోడకాడ పెడ్తాండావే?" అంది గిడ్డమ్మ.

"నీకన్నా నమ్మకస్తులు యాడుండారు గిడ్డమ్మా? రవ్వంత చూస్తాండు" అని, తుడిచే గుడ్డ కూడా ఆమె చేతికే ఇచ్చాడు. సందేశం సంగతి చెప్పలేదు.

గిడ్డమ్మ పొంగిపోయింది. మూడోనాటి మధ్యాహ్నం రేకుల వేడికి తాళలేక, ఏడాది మనవరాలిని తెచ్చి కారు నీడలో బొంత మీద పడుకోబెట్టింది. ఓబుళేశు మిద్దె మీద నిలబడి చాలాసేపు చూశాడు. చివరికి కేకేశాడు.

"గిడ్డమ్మా, పిల్ల చేతికి కడియాలుండాయి. అవి తీసి పండబెట్టు, కారుకు గీతలు పడతాయి."