గాడిద చావలేదని చెప్పినవాడు

మా బజారులో నాకు సినిమాలు బాగా తెలుసని పేరు. అందులోనూ వింత సినిమాలు. మనుషులకు భయపడి ఫ్రిజ్‌లో దాక్కునే దయ్యం సినిమా, చనిపోయిన అత్త బల్లిగా పుట్టి గోడమీంచి కోడలి వంటకు వంకలు పెట్టే సీరియల్ లాంటివాటి మీద ఇరవై ఏళ్లుగా నా దుకాణం మెట్ల మీద నిలబడి అభిప్రాయాలు చెబుతున్నాను. వాటిలో సగం నావి కావు. ఆ సగం ఎవరివో అతన్నే నలుగురిలో అబద్ధాలకోరన్నాను. ఆ మాట విన్నవాళ్లలో కొందరైనా చదువుతారని ఇది రాస్తున్నాను.

పెళ్లికి ముందు నేనూ అతనూ వరంగల్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో పనిచేసేవాళ్లం. చీర పట్టుకొచ్చిన ఆడవాళ్లకు సరిపోయే జాకెట్ గుడ్డ, లైనింగు, ఫాలు వెతికి తీయడం మా పని. అతను నాకంటే రెండేళ్లు చిన్న. రోజూ నెక్కొండ నుంచి రైల్లో వచ్చేవాడు. మధ్యాహ్నం సేటు భోజనానికి ఇంటికి వెళ్లి ఐదున్నర దాకా పడుకునేవాడు. సరిగ్గా ఆ వేళకే మ్యాట్నీ. కానీ దుకాణంలో ఒకరు ఉండాలి. అందుకని ఒకే టికెట్ మీద ఇద్దరం సినిమా చూసేవాళ్లం. పెద్దవాణ్ని కాబట్టి మొదటి సగం నాది. ఇంటర్వెల్‌లో బయటికి వచ్చేవాళ్లకు, మళ్లీ లోపలికి పోవడానికి గేటు దగ్గర ఒక అట్టముక్క ఇచ్చేవారు. నేను సైకిల్ మీద దాన్ని తెచ్చి అతని చేతిలో పెట్టేవాణ్ని. అదే సైకిలెక్కి అతను పరుగు.

దుకాణం మూశాక స్టేషన్ దాకా నడుస్తూ నా సగం నేను చెప్పేవాణ్ని. తర్వాత అతని వంతు.

"అన్నా, జర ఆగు. ఆ ముసలాయన మంచోడా, చెడ్డోడా? నేను పోయేసరికే ఏడుస్తాండు" అని అడిగేవాడు.

గాడిద సినిమా అలా చూసిందే. రిటైరైన స్టేషన్ మాస్టరు ఒకాయన గాడిదతో చదరంగం ఆడతాడు. అది మూతితో పావులను నెట్టి ప్రతిసారీ గెలుస్తుంది. హాల్లో జనం తిట్టుకున్నారు. నేను మాత్రం అంతగా నవ్విన సినిమా మరొకటి లేదు. ఇంటర్వెల్‌కు మాస్టరు వరసగా ఓడిపోయి అన్నం మానేసి కూర్చుంటాడు. ఆ సాయంత్రం అతను చెప్పిన ముగింపు ఇది: చివరి ఆటలో గాడిద తాను గెలిచే ఎత్తును చూస్తుంది. చూసి, ఆ పావును వదిలి పక్కదాన్ని నెడుతుంది. మాస్టరు గెలిచి వీధంతా చక్కెర పంచుతాడు.

"ఇంత మర్యాద ఉన్న ముగింపు మన సినిమాల్లో ఇంకొకటి లేదు" అని ఎన్ని చోట్ల చెప్పానో!

తర్వాత నేను వరంగల్‌లోనే సొంత మ్యాచింగ్ సెంటర్ పెట్టుకున్నాను. అతను నెక్కొండలో పెట్టుకున్నాడు. ప్రతి మంగళవారం సరుకు కోసం వచ్చి, నా దగ్గర టీ తాగి వెళ్లేవాడు. ఊరికే కూర్చోవడం చేతకాదు. గిరాకీ వస్తే తనే లేచి గుడ్డలు తీసేవాడు.

పోయిన ఏడు ఆ గాడిద సినిమా ఇంటర్నెట్‌లో ఉందని మా అమ్మాయి కనిపెట్టింది. ఆదివారం మధ్యాహ్నం పక్క దుకాణాల వాళ్లను కూడా ఇంటికి పిలిచాను. ఇంటర్వెల్ దాటిన ఐదు నిమిషాలకు గాడిదను లారీ గుద్దింది. ఆ తర్వాతదంతా మాస్టరు కొడుకు లారీ ఓనరు మీద పగ తీర్చుకోవడమే. చదరంగం బల్ల మళ్లీ కనిపించలేదు.

"డాడీ, చక్కెర ఎప్పుడు పంచుతరు?" అంది మా అమ్మాయి.

"గాడిద దినాలకు పంచుతరేమో బిడ్డా" అన్నాడు స్టీలు సామాన్ల దుకాణం ఆయన. వరస లేకపోయినా మేము బావా అని పిలుచుకుంటాం. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ లోపల మండిపోయింది.

మంగళవారం అతను వచ్చాడు. ఒకామె చిలకాకుపచ్చ చీర తెచ్చింది. అలవాటుగా గుడ్డ తీసి గుమ్మంలోకి పోయి, "ఇగో, ఎండల సూడక్కా, ఇదే సరిపోతది" అన్నాడు.

"ఆయన మాట నమ్మకమ్మా" అన్నాను నేను. "ఇరవై ఏండ్ల సంది నాకు అబద్ధాలే చెప్పిండు. లేనిది అతుకుడు ఆయనకు అలవాటే."

పరాచికమనుకుని నవ్వాడు. "గాడిద చచ్చిపోయిందట గదరా?" అన్నాను. నవ్వు ఆగిపోయింది. గుడ్డను మడతపెట్టి, బల్ల మీద పెట్టి, టీ తాగకుండా వెళ్లిపోయాడు.

బావ అంతా విన్నాడు. వారం తిరిగేసరికి అతనితో జాగ్రత్తగా ఉండాలనే మాట బజారంతా పాకింది. నేను ఆపలేదు. అన్నదానికంటే ఆపనందుకే ఎక్కువ సిగ్గుపడతాను.

అతను రావడం మానేశాడు. ఇంకెన్ని అబద్ధాలు చెప్పాడో చూద్దామని కోపంతో పాత సినిమాలు వెతికి రెండో సగాలు చూశాను. ఫ్రిజ్‌లో దయ్యం మామూలు దయ్యమై మెడలు విరిచింది. గొడుగంటే భయపడే పహిల్వాను ఇంటర్వెల్ తర్వాత అసలు లేనే లేడు. అతను చెప్పినదాంట్లో ఆ పహిల్వాను వానలో ఒక ముసలామెకు కళ్లు మూసుకుని గొడుగు పడతాడు. మన వింత సినిమాలకు ధైర్యం ఇంటర్వెల్ దాకానే. ఈ ఒక్క అభిప్రాయం మాత్రం పూర్తిగా నాదే. నాలుగో సినిమాకు కోపం పోయింది. రైలెక్కి నెక్కొండ వెళ్లాను.

"రా అన్నా" అన్నాడు, లైనింగు కొలుస్తూనే.

"తప్పు మాట్లాడిన్రా. అందరి ముంగట అన్న, అందరి ముంగటనే తప్పని చెప్త."

"ఇడ్సిపెట్టు."

"గట్లెందుకు చెప్పినవ్ రా?"

గుడ్డ చివరిదాకా కొలిచాడు. "నువ్వు ఎవర్ని మెచ్చుకుంటే వాడు నా సగంల సచ్చుడేనాయె. ఆ గాడిద గురించి స్టేషన్ దాకా ఎగిరెగిరి చెప్పినవ్. లారీ గుద్దిందని ఏ నోటితోని చెప్పాలె?"

అన్నేళ్లూ బాగున్న సగాలన్నీ నేనే చూశాను. పాడైన సగాలు అతను కూర్చుని చూసి, నాకు మంచివి తెచ్చిచ్చాడు.

మర్నాడు దుకాణం దుకాణానికీ వెళ్లి, తప్పు నాదని చెప్పాను. ఆ తర్వాతి మంగళవారం అతను వచ్చాడు.

"ఏమయ్యా, గాడిద బతికిందా?" అని బావ కేకేశాడు.

"బతకక? నీ దుకాణంలనే కూసోని స్టీలు గిన్నెలు అమ్ముతాంది!"

అందరికంటే గట్టిగా బావే నవ్వాడు. అమ్మాయిని దుకాణంలో కూర్చోబెట్టి, అతన్ని మ్యాట్నీకి తీసుకెళ్లాను. ఒకే టికెట్ కొని అతని చేతిలో పెట్టాను. "ఈసారి మొదటి సగం నీది." పాత హాలే. గేటు దగ్గరి మనిషిని బతిమాలితే ఇంటర్వెల్‌లో అతని బదులు నన్ను లోపలికి వదిలాడు.

సినిమా అయ్యాక స్టేషన్ దాకా నడిచాం. ఊరందరి తాళాలూ తీసి తన ఇంటి తాళం తీయలేని ఒక ముసలాయన గురించి అతను చేతులు తిప్పుతూ చెప్పాడు. అసుంటి మనిషిని సినిమాలో చూడనే లేదన్నాడు. నేను లోపలికి వెళ్లేసరికే ఆ ముసలాయన ఫొటోకు దండ వేసి ఉంది.

"తర్వాత ఏమైందన్నా? తాళం తీసిండా?"

నాకు కథలు అతకడం రాదు.

"తీసిండు" అన్నాను. "మనవరాలి జడపిన్నుతోని."

రైలెక్కి తలుపు దగ్గర నిలబడి నా మొహంలోకి చూశాడు. "మంచిగున్నదన్నా" అన్నాడు.