వెనక్కి తిప్పి చూసే ఊరు

నగరి నుంచి పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు నేను చిత్తూరు బడిలో పిల్లల చేత మామిడికాయ బొమ్మ వేయిస్తున్నాను. "అమ్మణ్ణీ, మీ అయ్యోరు పొద్దున పోయినారు. కాఫీ అడిగినారు, తెచ్చేలోపల..." అంది. చిన్నప్పుడు నాకు డ్రాయింగు నేర్పిన అయ్యవారు ఆయన. పెద్దమ్మ అని నేను పిలిచేది ఆయన భార్యను. బస్సెక్కి దారి పొడవునా కళ్లు మూసుకునే కూర్చున్నాను. అదీ ఆయన నేర్పిందే.

బళ్లో మమ్మల్ని ఎండలో నిలబెట్టేవారు. "కండ్లు మూసుకోని ఎండకేసి తిరగండి. ఇప్పుడేం కనపడతా ఉండాదో అదే వెయ్యండి" అనేవారు. రెప్పల వెనక ఎరుపు, అందులో ఈదులాడే పసుపు చుక్కలు, అంచున ఎక్కడో నీలం. రంగులు దండగ చేస్తున్నామని ఇళ్లల్లో మాకు తిట్లు. ఆయన మాత్రం ఒక్కో కాగితం ముందు మైమరచి కూర్చునేవారు.

మా వైపు నైరూప్య చిత్రాలు వేసిన మొదటి మనిషి ఆయనే. చెట్టూ పుట్టా, దేవుడూ మనిషీ లేని బొమ్మలు. నూలుకు రంగులేసే షెడ్డు పక్క కాలువలో ఒకరోజు ఎర్రనీళ్లు, ఒకరోజు పచ్చనీళ్లు పారేవి. ఆ రెండూ కలిసే చోటు చూస్తూ అలాగే నిలబడిపోయేవారు. ఆ బొమ్మల ముందు నేను నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో ఉండేదాన్ని. చెన్నైలో ప్రదర్శన పెడితే పెద్దపెద్దవాళ్లు మెచ్చుకున్నారు. ఈయనకు అది చాల్లేదు, ఏం మనిషో! "వాళ్లు మెచ్చుకుంటే సరిపోయిందా? మనూరోళ్లు ఒక్కరన్నా ఏం బొమ్మని అడక్కుండా ఊరికే సూడల్ల" అనేవారు. బతికినంతకాలం ఆయన కోరిక అదొక్కటే.

మా ఊరివాళ్లేమో నేతగాళ్లు. చేతికి గుడ్డ ఇస్తే ముందు వెనక్కి తిప్పి చూస్తారు. పనితనం వెనకే తెలుస్తుందట. అయ్యవారి బొమ్మనూ అట్లాగే తిప్పేవారు. వెనక తెల్లగుడ్డా చెక్క చట్రమూ తప్ప ఏముంటుంది?

"గుడ్డ బాగుండాది అయ్యోరా. ఇంతకీ ఇదేం బొమ్మ?" అనేవాడు పక్కింటి మగ్గం తాత.

"నీ లుంగీలో గళ్లుండాయే, అవేం బొమ్మ?"

తాత తన లుంగీ వంక చూసుకుని, "అవి గళ్లప్పా!" అనేవాడు.

పెద్దమ్మ లోపలి నుంచి నవ్వేది. "ఒక పువ్వన్నా వెయ్యరాదా, ఆ ముసలాయన మనసు కుదటపడతాది" అనేది.

ఆఖరికి అయ్యవారే దిగొచ్చారు. ఈ మధ్య ప్రతి బొమ్మ వెనకవైపూ రంగు పూశారు. ముందున్న రంగులే, పల్చగా. "వెనక సూసేవాళ్లకు వెనకే పెడదాం అమ్మణ్ణీ. ఆడ కండ్లు నిలిస్తే ముందుకీ వస్తారు" అన్నారు నాతో. కానీ అప్పటికి బొమ్మలు చూడ్డానికని ఆ గడప తొక్కేవాళ్లే లేకపోయారు.

నేను చేరేసరికి ఆయన్ను వసారాలో పడుకోబెట్టారు. జనం పట్టాలని గదిలోని బొమ్మలన్నీ తీసి వీధికి అవతలి గోడకు ఆనించారు. వచ్చినవాళ్లు అయ్యవారికి దండం పెట్టి బయటికి వెళ్లి, చేతులు ఊరుకోక బొమ్మల్ని వెనక్కి తిప్పుతున్నారు. తిప్పినవాళ్లు ఆగిపోతున్నారు. మళ్లీ ముందుకు తిప్పి చూస్తున్నారు. మగ్గం తాత ఒక నీలం బొమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు, ఎంతకీ లేవడే! నాకు ఏడుపు అప్పుడొచ్చింది. పక్కన కూర్చుని, "ఏం బొమ్మ తాతా?" అన్నాను.

"ఉండమ్మణ్ణీ, సూడనీ" అన్నాడు.

పెద్దమ్మ అయ్యవారి తల దగ్గర కూర్చుని అదంతా చూస్తూనే ఉంది. వసారా ముందు జనం అడ్డంగా నిలబడి ఉంటే లేచి వచ్చి, చేత్తో వాళ్లను జరిపింది.

"కొంచెం పక్కకు నిలబడండప్పా. వాళ్లు సూసేది ఆయన సూడల్ల."

జనం రెండు పక్కలకూ జరిగారు. పెద్దమ్మ ఆయన తల కింద ఇంకో దిండు పెట్టి, ముఖం వీధివైపు తిప్పింది. అడ్డం తొలగడంతో ఎండ నేరుగా వసారాలోకి వచ్చింది. కళ్లు మూసుకుని, ఎండకేసి తిరిగి పడుకున్నారు అయ్యవారు.