దొర దుర్భిణి పాడు చేసింది రాజన్న కాదు

రాజన్న పోయాడని నిన్న పొద్దున మన వాట్సాప్ గ్రూపులో చూశాను. వేరే రాజన్న అనుకున్నాను. ఫొటో చూశాక కూడా అలాగే అనుకున్నాను.

మొన్న సాయంత్రమే కదా నాకు మెసేజ్ పెట్టాడు, మోకాళ్ళకి నువ్వులనూనె రాసుకో అక్కా అని. అలాంటి మనిషి ఇంతలో ఎలా పోతాడు?

నాకేం అర్థం కావట్లేదు.

మీరు రాస్తున్నవన్నీ చదువుతున్నాను. ‘దొర దుర్భిణి పాడుచేసిన మా రాజన్న’ అని ప్రేమగానే రాశారు. బహ్రెయిన్ వాళ్ళందరం ఇన్నేళ్ళూ నవ్వుకున్న మాటే.

కానీ ఆ మాట కింద అతని కూతురు లత దండం బొమ్మ పెట్టింది. అది చూసినప్పటి నుంచి నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు.

ఇది రాయొచ్చో రాయకూడదో తెలీదు. నాలుగో తరగతి చదువు నాది. తప్పులుంటే సర్దుకోండి.

తెలియని పిల్లల కోసం చెప్తున్నాను. తొంభైల్లో బహ్రెయిన్‌లోని బుదైయాలో ఒక ఇంగ్లీషు దొర ఇంట్లో వంటా ఇల్లూ నేను చూసేదాన్ని. మాది రాజోలు దగ్గర. రాజన్నది నిర్మల్ వైపు. అతను ఒక కంపెనీలో లేబర్. కంపెనీ వాళ్ళే దొర ఇంటి తోటపనికి పంపారు. నాకంటే ఆరేళ్ళు చిన్న.

ఆ దొర ఏటా వాళ్ళ దేశం వెళ్ళి కొండల్లో జింకల్ని వేటాడేవాడు. ముందు దుర్భిణితో వెతకాలట. తర్వాత జింక కంటపడకుండా గడ్డిలో బోర్లా పాకుతూ వెళ్ళాలట.

అంత పాకి చివరికి చంపడమేమిటో నాకిప్పటికీ బోధపడదు.

ఒక జూలైలో బీరువా సర్దుతుంటే దుర్భిణి పెట్టె బూజు వాసన కొట్టింది. దానికి మనకి తెలిసిన మందు ఒకటే కదా. మిద్దె మీద ఎండుమిరపకాయల పక్కన గుడ్డ పరిచి దాన్నీ పెట్టాను.

పెట్టి మర్చిపోయాను. మూడింటికి తీస్తే అట్లపెనం పట్టుకున్నట్టు చెయ్యి కాలింది.

దాన్ని పట్టుకుని దిగుతుంటే, మొక్కలకి నీళ్ళు పెడుతున్న రాజన్న చూశాడు.

మర్నాడు దొర అందులోంచి చూసి, ఒక్కో ఖర్జూరం చెట్టూ రెండుగా కనిపిస్తోందన్నాడు. తలనొప్పి వస్తోందన్నాడు.

నా వీసా దొర పేరు మీద. వాళ్ళకి కోపం వస్తే ఖలాస్, టికెట్ కొట్టి పంపేస్తారు. ఇంటి దగ్గర మా ఆయన మంచం మీద ఉన్నారు. ఆయన మందులు నా జీతంలోంచే.

నోరు తెరవలేదు నేను.

దొర ఆ వారమే ఇంకోటి వెతికాడు. మంచి కంపెనీది పాతదైనా పర్వాలేదు, నాసిది కొత్తదైనా వద్దని పట్టు. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒకాయన దేశం వదిలి వెళ్తూ సామాన్లు అమ్ముతున్నాడని తెలిసి వెళ్ళాం. రాజన్నని బరువులు మోయడానికి, నన్ను గిన్నెలు చూడటానికి తీసుకెళ్ళాడు.

బల్ల మీద రెండు దుర్భిణులు. ఒకటి నిగనిగలాడుతోంది. రెండోదానికి తోలు లేచిపోయింది, అంచుల్లో రంగు పోయి ఇత్తడి బయటపడింది. దొర నిగనిగలాడేదాన్ని మెడలో వేసేసుకున్నాడు.

రాజన్న ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. దొరకీ కాస్త అర్థమయ్యే వచ్చీరాని హిందీలో పొద్దుగూకే దాకా ఆగమన్నాడు. మంచి ఎండలో ఏ అద్దమైనా మంచిదేనట. జింక బయటికి వచ్చేది మసక వెలుతురులోనట. వాళ్ళ ఊరు అడవి అంచున, చేలకి జింకలు దిగే వేళ అతనికి తెలుసు.

దొర నవ్వాడు గానీ ఆగాడు.

పొద్దుగూకి మగ్‌రిబ్ అజాన్ అయ్యాక, గోడ కింద పడుకున్న పిల్లిని చూడమన్నాడు రాజన్న. నిగనిగలాడేదాంట్లో నల్లటి ముద్ద. పాతదాంట్లో మీసాలతో సహా పిల్లి. నేనూ చూశాను.

తర్వాత పెద్ద అద్దాల వైపు నుంచి టార్చి వేసి లోపల చూపించాడు. నిగనిగలాడేదాంట్లో సాలెగూడులా బూజు పాకి ఉంది. పాతది శుభ్రం. దాని చక్రం చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. కిర్రుమంటే జింక పారిపోతుందట.

దొర అతని భుజం తట్టాడు. ఇంత తెలిసినవాడివి, మరి నాది ఎందుకు పాడైందో చెప్పు అన్నాడు.

నేను చేతిలో గిన్నెతో అలాగే నిలబడ్డాను.

నేనే ఎండలో పెట్టాను సార్ అన్నాడు రాజన్న.

దొర అరవలేదు. రెండు రోజులాగి కంపెనీకి ఫోన్ చేసి ఇంకో తోటమాలిని తెప్పించుకున్నాడు. రాజన్న ఆగస్టు ఎండలో బిల్డింగు పనికి పోయాడు.

ఒక శుక్రవారం జింజ్‌లో కనిపించాడు. పెదాలు పగిలిపోయి, మెడ వెనక తోలు ఊడిపోయి ఉంది. ఎందుకలా చెప్పావయ్యా అని ఏడ్చాను.

“నిన్నయితె ఇంటికి తోలుతడక్కా. నన్నయితె లేబర్ క్యాంపుకే గద. అయినా ఉత్త ఎండకు గట్ల గాదు. దొరనే ఏడనో కింద పడేసిండేమో.”

ఎండ వల్లో, కింద పడటం వల్లో, నాకు ఇప్పటికీ తెలీదు.

దొరకి చెప్పేద్దామని ఎన్నోసార్లు టీ పట్టుకెళ్ళాను. టీ పెట్టేసి వచ్చేసేదాన్ని.

వేట నుంచి వచ్చాక దొర, ఆ పాత దుర్భిణి బంగారమని రాజన్నని మళ్ళీ పిలిపించుకున్నాడు. అప్పటికే క్యాంపులో వాళ్ళు దొర దుర్భిణి పాడుచేసిన రాజన్న అని పేరు పెట్టేశారు. ఎవరైనా అలా పిలిస్తే అతను నవ్వేవాడు.

పక్కనే ఉండి నేనూ నవ్వేదాన్ని. ఎలా నవ్వానో నాకు తెలియడం లేదు.

లతమ్మా, మీ నాన్న ఆ దుర్భిణిని ముట్టుకోనైనా లేదు. ఎండలో పెట్టింది నేను. మీ పిల్లలకి కూడా ఇలాగే చెప్పు.

వెళ్ళిరా తమ్ముడూ. ఇంకెవరి తప్పూ నెత్తిన వేసుకోకుండా హాయిగా పడుకో.